మూడు మూలల పెనం

కాలేజీ పత్రికకి ఏదైనా రాయమని ఫైనలియర్ అమ్మాయిలు నా వెంటపడ్డారు. "మేడం, క్లాసులో మీరు బోర్డుతోనే మాట్లాడతారు. మాతో కనీసం కాయితం మీదయినా మాట్లాడండి" అంది వాళ్ళలో ఒకమ్మాయి. న్యాయమే అనిపించింది. తెలుగులోనే రాస్తానన్నాను. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవటం రాదని నాకు తెలుసు. రానివాళ్ళు ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఇచ్చి చదివించుకోండి. మధ్యలో ఆవిడ మిమ్మల్ని తిట్టినా, నన్ను తిట్టినా పట్టించుకోకండి.

ఈ పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పకముందు, పోర్ట్ బ్లెయిర్ అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో పడవలు కట్టే ఒక ప్రైవేటు యార్డులో పనిచేశాను. యార్డు అనగానే ఆకాశాన్ని అంటే క్రేన్లు ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, నీళ్ళలోకి దిగే ఒక ఏటవాలు గట్టు, సగం రోజులు పనిచేసి సగం రోజులు అలిగే ఒక క్రేను. యజమాని తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అబెర్డీన్ బజారులో మేకులూ రంగులూ అమ్మే దుకాణం పెట్టారట. సునామీలో దీవుల్లో జెట్టీలన్నీ విరిగిపోయాక, ఇనుముని దూరం నుంచి చూసినవాళ్ళు కూడా కాంట్రాక్టర్లయిపోయారు. మా యజమాని దగ్గర నుంచే చూశారు కాబట్టి యార్డు పెట్టారు. అందరూ ఆయన్ని సేట్ గారు అనేవాళ్ళు.

నేను డిప్లమా అయిన వెంటనే అక్కడ క్వాలిటీ అసిస్టెంటుగా చేరాను. యార్డు మొత్తానికి ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాకు నోరు తక్కువ. చెప్పాల్సింది చీటీ మీద రాసి సేట్ గారి బల్ల మీద పెట్టి, ఆయన చదివేలోగా బయటికి వచ్చేసేదాన్ని. ఉదయం చాతం రేవులో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, అక్కణ్ణించి జీపులో వెళ్ళాలి. ఫెర్రీలో నవల చదువుకునేదాన్ని. దానికి బ్రౌను పేపరు అట్ట వేసి పైన "వెల్డింగు పద్ధతులు" అని రాసుకున్నాను. వెల్డింగు పద్ధతులు చదువుతూ ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోందేమిటా అని ఫెర్రీలో ఎవరూ అడగకపోవటం నా అదృష్టం.

మాకు దొరికిన పెద్ద పని ఒక పాంటూన్. అంటే నీళ్ళ మీద తేలే ఇనప పెట్టె. దక్షిణాన ఒక దీవిలో జెట్టీ సునామీకి విరిగింది. నేల కూడా కుంగింది. పోటు వచ్చినప్పుడు మిగిలిన జెట్టీ ముక్క నీళ్ళలో మునిగేది. ఓడ దూరంగా ఆగితే జనం చిన్న పడవల్లోకి దూకి, అలల మీద ఎగిరెగిరి ఒడ్డు చేరేవాళ్ళు. పాంటూన్ అయితే నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. ఒడ్డు నుంచి ఒక ఇనప వంతెన వచ్చి దాని మీద కీలుతో ఆనుతుంది. నడిచి వెళ్ళిపోవచ్చు.

ఆ దీవి మా వెల్డరుది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడు, నన్ను దీదీ అనేవాడు. వాళ్ళమ్మ ఇంకా అక్కడే, సునామీ తర్వాత కట్టిన రేకుల ఇళ్ళలో ఉండేది. రెండు కళ్ళలోనూ పొర కమ్మేసింది. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో తీయించుకుంటే చూపు వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆవిడ మాత్రం రాదు. ఒకసారి పడవలోకి దిగుతూ నడుం దాకా నీళ్ళలో పడిందట. అప్పట్నుంచి ఒకటే మాట. "కళ్ళున్నోళ్ళే పడిపోతన్నారు, నానెలగ దూకుతాను? నడిసి ఎక్కడానికి మెట్టు కట్టు, అప్పుడొస్తాను." కొడుకు కట్టేది సరిగ్గా ఆ మెట్టునే. వానలు మొదలై సముద్రం లేచేలోగా పాంటూన్ లాక్కుపోతే సరి, లేకపోతే మళ్ళీ సముద్రం పడుకునేదాకా ఆగాలి. డాక్టరు అంతకాలం ఆగొద్దన్నాడు.

ఇప్పుడు ఉక్కు సంగతి కొంచెం చెప్పాలి. కొంచెమే.

పాంటూన్‌లో ఎక్కువ భాగం మామూలు ఓడ ఉక్కు, 'ఏ' గ్రేడు. వంతెన కీలుని పట్టుకునే బ్రాకెట్లకి మాత్రం డిజైనరు డీహెచ్ 36 అడిగాడు. ఈ గ్రేడులన్నీ పోల్చి ఒక పట్టిక రాయటం ఉద్యోగంలో నా మొదటి పని. డ్రాయింగు షీటు మీద రంగు పెన్సిళ్ళతో గీశాను. 36 అన్న అంకె బలం: లాగితే మామూలు దానికన్నా ఒకటిన్నర రెట్లు ఓర్చుకుంటుంది. ముందున్న అక్షరం ఓర్పు: ఎంత చలిలో సమ్మెట దెబ్బ కొట్టినా పెళుసుగా విరగదో చెబుతుంది. ఏహెచ్‌ని సున్నా డిగ్రీల్లో కొట్టి చూస్తారు. డీహెచ్‌ని మైనస్ ఇరవైలో. ఈహెచ్‌ని మైనస్ నలభైలో.

సేట్ గారు ఆ షీటుని గోడకి కొట్టించి, నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూశారు.

"పాపా, స్కూల్లో ఏ అంటే ఫస్టు కదా?"

తల ఊపాను.

"మావాడికి లెక్కల్లో డీ వచ్చిందని మొన్ననే వీపు విమానం మోత మోగించినాను. ఈ డిజైనరు బాబు నాకు డీ తెమ్మంటాడేటి? నానేటి అంత లోకువా?"

ఇక్కడ వరస తలకిందులు సార్, అని చీటీ రాశాను.

"సరే. ఏ తర్వాత బీ ఉన్నాది, డీ ఉన్నాది, ఈ ఉన్నాది. సీ ఏటయిపోనాది?"

నిజానికి నాకూ తెలీదు. తెలీదు సార్, అని రాశాను.

"మైనస్ ఇరవై! అండమాన్లో! మా ఇంట్లో ఫ్రిజ్జుకే అంత సలి లేదు. పాపా, సముద్రం గడ్డ కట్టిన రోజున ఈ జెట్టీ మీద నడిసీది ఎవరే, నువ్వా నేనా?"

దీనికి పెద్ద చీటీ రాయాల్సి వచ్చింది. చలి కోసం కాదు సార్. ప్రతి అలకీ వంతెన కీలు మీద ఒక కుదుపు పడుతుంది. మందం పలకలు కుదుపుకి పగిలితే చెప్పాపెట్టకుండా పగులుతాయి. చలిలో దెబ్బకి ఓర్చుకున్నది ఎండలో కుదుపుకీ ఓర్చుకుంటుంది. సేట్ గారు దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించటం మొదలుపెట్టారు. నాలుగో రోజుకి అది ఆయన సొంత అభిప్రాయం అయిపోయింది.

విశాఖ నుంచి ఓడలో రెండు మందం పలకలు, వాటి మిల్లు సర్టిఫికెట్లతో సహా వచ్చాయి. ఒకటి డీహెచ్ 36. రెండోది అదే మందంలో మామూలు ఏ గ్రేడు, ఓడ తాళ్ళు కట్టే దిమ్మల కింద వేసే పీఠాలకి. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని మా ఊళ్ళో ఇనుము ఓడ దిగిందో లేదో ఎర్ర ప్రైమరు పూసేస్తారు. మా పెయింటరు భయ్యా ఇంకా చురుకు. రెండు పలకలూ కవల పిల్లల్లా ఎర్రగా తయారయ్యాయి. ఫరవాలేదు. పలక తయారైన మిల్లులోనే ఒక మూల గ్రేడూ నెంబరూ లోతుగా గుద్దుతారు. రంగు గీకితే కనిపిస్తుంది. పలకని ముక్కలు కోసేముందు ఆ గుర్తుని ప్రతి ముక్క మీదకీ మార్చుకోవాలి. మీకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇది.

మా యార్డులో మాత్రం ఇంకో ఆచారం ఉండేది. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు పలకకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తొలి కోత సేట్ గారు స్వయంగా కోస్తారు. ఆ తొలి ముక్కని ఎవరికైనా దానం ఇస్తారు. ఆ రోజు చాతంలో ఫెర్రీ ఆలస్యమై నేను వెళ్ళేసరికి నాకు లడ్డూ మాత్రమే మిగిలింది. జరిగిందంతా వెల్డరు చెప్పాడు.

"ముహూర్తం దాటిపోతందని సేట్ గారు నా చేతిలో గ్యాసు కట్టరు లాగీసుకున్నారు దీదీ. ఏ మూల కోద్దారని సూసి, ఒక మూల రంగు కింద ఏదో రాసున్నాది, అక్షరాలున్నాయి, శుభం అన్నారు. అక్కడే బొట్టెట్టి అడ్డంగా కోసీసినారు. కోత కాదది, పాము పాకినట్టున్నాది. మద్దెలో నిప్పురవ్వ చెప్పులో పడింది. ఎంతెత్తు ఎగిరారో! కట్టరు కూడా ఎగిరింది. అక్కడో పెద్ద గంటు."

"మరి... గుర్తు?" అన్నాను. నా మాట విని వెల్డరే ఆశ్చర్యపోయాడు.

"అదా? అదే కదా దోసెలత్తకి ఇచ్చీసినారు."

దోసెలత్త కొట్టు యార్డు గేటు ఎదురుగా ఉండేది. సునామీ రోజు నీళ్ళు కొట్లోకి వచ్చి బల్లలూ డబ్బాలూ వాళ్ళత్తగారి కాలం నాటి పెనమూ పట్టుకుపోయాయి. ఆవిడకి బల్లలు పోయిన బాధ లేదు, పెనం గురించి మాత్రం రోజూ సముద్రాన్ని తిట్టేది. సేట్ గారు ఇచ్చిన అంగుళం మందం ముక్కని నలుగురు మోసుకొచ్చి పొయ్యి మీద పెడితే ఆవిడ దాన్ని కాలితో తన్ని చూసిందట. "ఇదీ పెనమంటే! ఇప్పుడు రమ్మను సముద్రాన్ని, ఎలా మోసుకెళ్తాదో సూస్తాను."

మూల ముక్క కదా, మూడు మూలలుండేది. ఎర్ర రంగంతా అత్త మొదటి రోజే కాల్చి గీకేసింది. మధ్యలో రెండు పెద్ద దోసెలు పడతాయి. ఒక మూల మీద ఎప్పుడూ టీ కెటిల్ ఉండేది.

పలకలు రెండూ ముక్కలయ్యాయి. బ్రాకెట్లు బ్రాకెట్లయ్యాయి, పీఠాలు పీఠాలయ్యాయి. అందరికీ ఏది ఏదో తెలుసు. తెలిసినవాళ్ళు అంతమంది ఉన్నప్పుడు రాసుకోవటం ఎందుకని ఎవరూ రాసుకోలేదు. వెల్డరు బ్రాకెట్లని ఎంత శ్రద్ధగా అతికాడంటే, మధ్యాహ్నం భోజనానికి పిలిచినా మొహం మీది మాస్కు తీసేవాడు కాదు.

ఏప్రిల్‌లో సర్వేయర్ గారు వచ్చారు. ఓడల్ని పరీక్షించి ముద్ర వేసే సంస్థ తరఫున విశాఖ నుంచి పంపించారు. ఆయన ముద్ర వేస్తేనే పాంటూన్ యార్డు దాటుతుంది. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న సుత్తి, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి పొడుగు కాడ అద్దం. మంచినీళ్ళు కూడా తన ఫ్లాస్కులోవే తాగేవారు. సేట్ గారు టీ ఇవ్వబోతే, "తనిఖీ స్థలంలో నేనేమీ పుచ్చుకోను" అన్నారు. వండూర్ బీచికి తీసుకెళ్తానంటే, "నేను సముద్రం చూసే ఉన్నాను" అన్నారు.

పొద్దుటి నుంచి అన్నీ బాగానే ఉన్నాయి. బ్రాకెట్ల దగ్గర ఆగారు.

"ఇవి డీహెచ్ 36 అనటానికి ఆధారం?"

"సర్టిఫికెట్ ఉన్నాది సార్" అన్నారు సేట్ గారు.

"సర్టిఫికెట్ పలకకి. ఆ నెంబరు ఉక్కు మీద చూపించండి."

"మా వెల్డరు సెప్తాడు సార్. వాడికి తెలుసు."

"వెల్డరు మీద మిల్లు ముద్ర ఉందా?"

సర్వేయర్ గారు పెన్ను మూత పెట్టి, అదే మామూలు గొంతుతో అన్నారు. "రేపు మధ్యాహ్నం దాకా ఉంటాను. ఆధారం చూపిస్తే సరి. లేకపోతే ఈ బ్రాకెట్లు కోసి తీసేసి కొత్త పలక తెప్పించి మళ్ళీ చేయండి."

కొత్త పలక అంటే విశాఖ నుంచి ఓడ. ఓడ వచ్చేసరికి వానలు. వెల్డరు మాస్కు పెట్టుకున్నాడు. అతికే పనేమీ లేదు, ఊరికే పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం యార్డులో అందరూ శాస్త్రవేత్తలయ్యారు. సేట్ గారు బ్రాకెట్‌ని సుత్తితో కొట్టి చెవి ఆనించి, తర్వాత పీఠాన్ని కొట్టి, "ఇది ఠంగ్ అంటంది, అది టంగ్ అంటంది. తేడా ఉన్నాది" అన్నారు. పెయింటరు భయ్యా కళ్ళు మూసుకుని వింటే రెండూ ఒకటే అన్నాడు. ఒకరు అయస్కాంతం తెచ్చారు. అది దేనికైనా అతుక్కుంది, ఆఖరికి క్రేనుకి కూడా. మిగిలిపోయిన పలక తుంపులు షెడ్డు వెనక ఉన్నాయి, కానీ వాటి మీదా గుర్తు లేదు. గుర్తున్న మూల దానం అయిపోయింది, అది పెనం అయిపోయింది. దాని మీద ఇన్నాళ్ళూ నూనె పోశారు, మంట పెట్టారు. అందులో ఇంకా ఏమైనా మిగిలుంటుందని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను పట్టిక గీసినదాన్ని. ఆ రాత్రి డైరీలో "ఏమీ తోచటం లేదు" అని మాత్రమే రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే దోసెలత్త కొట్టు కిటకిటలాడుతోంది. సర్వేయరు పాంటూన్‌ని తిప్పికొట్టాడన్న కబురు బాంబూఫ్లాట్ దాకా పాకింది. పరామర్శకి వచ్చినవాళ్ళంతా ముందు దోసెలు తింటున్నారు.

"నీకేటి కావాల పిల్లా?" అంది అత్త.

ఆకలి లేదని సైగ చేశాను.

"ఉత్తి కడుపుతో ఏడిస్తే కన్నీళ్ళు కూడా రావు. సిన్నదేస్తాను." పెనం మధ్యలో ఖాళీ లేదు. అత్త మూల మీది కెటిల్ తీసి కింద పెట్టి, గుడ్డతో తుడిచి, ఆ మూలలో అరచేయంత దోసె పోసింది. తిరగేసి నా పళ్ళెంలో పడేసింది.

నాకో చెడ్డ అలవాటుంది. ఏ అక్షరం కనిపించినా చదువుతాను. బఠాణీల పొట్లం, మందు సీసా, బస్సు వెనక బోర్డు, ఏదైనా. దోసె ఎర్రగా కాలింది. ఆ ఎరుపు మీద సన్నగా ఉబ్బిన గీతలున్నాయి. ముక్క తుంచబోయి ఆగాను. గీతలు అద్దంలో అక్షరాల్లా కుడి నుంచి ఎడమకి ఉన్నాయి. ఒక ఆరు, ఒక మూడు. ఒక హెచ్. హెచ్ ఎటు తిప్పినా హెచ్చే. పక్కన బోర్లాపడ్డ డీ. కింద ఇంకో వరస అంకెలు.

ఆ అంకెలు నాకు పాలిటెక్నిక్‌లో నా రోల్ నెంబరు కన్నా బాగా తెలుసు. ఆ సర్టిఫికెట్‌ని ఎన్ని కాపీలు టైపు చేశానో. కెటిల్ కింద ఆ మూల అన్నాళ్ళూ నూనె అంటకుండా, మసి పట్టకుండా ఉండిపోయింది.

పళ్ళెం పట్టుకుని లేచాను.

"సట్నీ ఏసుకోవా?" అని అరిచింది అత్త.

"వద్దు!" అని నేనూ అరిచాను. కొట్టు మొత్తం నావైపు తిరిగింది. నేను అరవగలనని ఎవరికీ తెలీదు. నాకూ.

గేటు దాటి, షెడ్డు దాటి, కాలే పళ్ళేన్ని చున్నీతో పట్టుకుని పాంటూన్ వైపు నడిచాను. ఒక కుక్క నా వెంటపడింది. వెల్డరు ఎదురొచ్చాడు.

"దీదీ, సార్ తినడు! నీళ్ళు కూడా తాగడు!"

సేట్ గారు పరిగెత్తుకొచ్చారు. "పాపా, పాపా, ఇప్పుడు దోసె పెడితే లంచం అని రాసీగలడు! ఎనక్కి పట్టుకెళ్ళీ!"

నేను ఆగలేదు. ఆగితే ఇంక కదలలేనని తెలుసు. సర్వేయర్ గారు బ్రాకెట్ల ముందు నిలబడి రిపోర్టు రాస్తున్నారు. పళ్ళెం ఆయన ముందు పెట్టాను. ఆయన దోసె వైపు చూశారు, నా వైపు చూశారు.

"అమ్మాయి, తనిఖీ స్థలంలో నేనేమీ తినను."

"తినటానికి కాదు సార్" అన్నాను. గొంతు కీచుగా వచ్చింది. "చదవటానికి."

ఆయన రిపోర్టు పక్కన పెట్టారు. తర్వాత వంగారు. కళ్ళజోడు సవరించుకున్నారు. జేబులోంచి పొడుగు కాడ అద్దం తీసి దోసె పక్కన పట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, సర్టిఫికెట్ తెరిచి, ఒక్కొక్క అంకె మీదా పెన్ను పెట్టుకుంటూ చదివారు. కుక్క కూడా శ్రద్ధగా చూస్తోంది.

"దోసెకి నేను ముద్ర వేయలేను" అన్నారు చివరికి. "పెనం చూపించండి."

పెనం చూపించటం అంత తేలిక కాలేదు. అత్త అట్లకాడ అడ్డం పెట్టింది.

"ఇప్పుడు దిగదు. పిండున్నాది."

"ప్రభుత్వం పనమ్మా అది" అన్నారు సేట్ గారు.

"నాదేటి, ఆటా? ఎండకి పిండి పులిసిపోతాది. అయిపోనాక పట్టుకుపోండి."

సర్వేయర్ గారు వాచీ చూసుకున్నారు. "ఎంతసేపు పడుతుంది?"

"తినీవోళ్ళని బట్టి బాబూ. నిలబడి సూస్తే సాయంత్రం. కూకుని తింటే గంట."

యార్డు మొత్తం కూర్చుంది. పెయింటరు భయ్యా, క్రేను డ్రైవరు, పరామర్శకి వచ్చినవాళ్ళు, అంతా దీక్షగా తిన్నారు. సేట్ గారు షుగరున్నా లెక్కచేయలేదు. వెల్డరు ఒక్కొక్క దోసెనీ రెండు ముద్దల్లో మింగుతున్నాడు. గిన్నెలో ఇంకా అడుగున కొంచెం పిండి ఉంది, తినగలిగినవాళ్ళెవరూ మిగల్లేదు. అందరూ సర్వేయర్ గారి వైపు చూశాం.

ఆయన చొక్కా చేతులు మడిచారు. "ఇది తనిఖీ స్థలం కాదు కదా?" అని నన్ను అడిగారు.

"కాదు సార్. గేటు బయట" అన్నాను.

డబ్బులు ముందే ఇచ్చి, తిన్నారు. తిన్నాక ఇంకోటి అడిగారు. పిండి అయిపోయింది.

పెనాన్ని ఇనప కడ్డీల మీద నలుగురు మోశారు. ముందు సర్వేయర్ గారు, వెనక పెనం, దాని వెనక అట్లకాడతో అత్త, ఆ వెనక మేమంతా. రోడ్డు మీద పోయేవాళ్ళు ఊరేగింపేమో అనుకుని ఒకాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. షెడ్డు వెనక పలక తుంపు పక్కన దించి, పెనం కోత అంచుని తుంపు కోత అంచుకి చేర్చారు. పాము పక్కన పాము పడుకున్నట్టు వంకరకి వంకర అతికిపోయింది. మధ్యలో గంటుకి గంటు. గ్యాసు తినేసినంత సందు మాత్రం మిగిలింది. అదే తుంపు రెండో వైపున బ్రాకెట్లు కోసిన ఖాళీలున్నాయి. వాటి కొలతలు నేను చదువుతుంటే సర్వేయర్ గారు బ్రాకెట్లకి టేపు పెట్టి చూసుకున్నారు. నేను పైకి చదువుతున్నానని సగం కొలతలయ్యాక గాని నాకు తెలీలేదు.

"కోత ఎవరు కోశారో గాని, ఇలాంటిది ఇంకోటి ఉండే అవకాశం లేదు" అన్నారు సర్వేయర్ గారు. "ఈ గంటేమిటి?"

సేట్ గారు క్రేను వైపు చూస్తున్నారు.

"అక్కడ సేట్ గారు గెంతినారు సార్" అన్నాడు వెల్డరు. "నిప్పురవ్వ పడింది. కావాలంటే చెప్పు సూడండి."

సర్వేయర్ గారు నిజంగానే చూస్తానన్నారు. సేట్ గారు ఎడమ చెప్పు విప్పి ఇచ్చారు. బొటనవేలి దగ్గర గుండ్రంగా కాలిన చిల్లు. సర్వేయర్ గారు అందులోంచి ఆకాశాన్ని చూసి, తిరిగి ఇచ్చేశారు. నవ్వారో లేదో నాకు కనపడలేదు, అప్పటికే వంగి సుత్తి తీస్తున్నారు. ఒక తుంపు ఎలాగూ పరీక్షకి విశాఖ వెళ్ళాలన్నారు. కానీ ముద్ర పడింది. ఒక్కో బ్రాకెట్ మీద గుర్తు మార్పించి, పక్కన తన ముద్ర గుద్దుతూ వెళ్ళారు. ప్రతి దెబ్బకీ వెల్డరు కళ్ళు మూసి తెరుస్తున్నాడు.

"అన్నిటికీ కొట్టి నా పెనానికి కొట్టవేటి బాబూ?" అంది అత్త. "దీన్ని బట్టే కదా అవన్నీ గట్టివని తెలిసింది?"

"పెనం ఓడలో భాగం కాదమ్మా. విశాఖ నుంచి ఫలితం వచ్చేదాకా ఆ మూల గీకకండి, సాన పట్టకండి. అంతే."

"గీకను గాని, కెటిల్ ఎట్టుకోవచ్చా?"

ఆయన ఆలోచించి, పెట్టుకోవచ్చన్నారు.

వానల కన్నా ముందే పాంటూన్ హోప్ టౌన్ గట్టు దిగింది. ఆ తర్వాత అత్త ఆ మూల కెటిల్ పెట్టటం మానేసింది. జనం కావాలని "ముద్ర దోసె" అడగటం మొదలుపెట్టారు మరి. సేట్ గారు తొలి కోత ఆచారం మానలేదు గాని, కోసేముందు గట్టిగా "పాపా, ఏ మూల?" అని అడిగేవారు. చీటీ రాసే టైముండేది కాదు. నోటితోనే చెప్పాల్సి వచ్చేది. అలా అలవాటయింది.

వెల్డరు వాళ్ళమ్మ వానలు ఊపందుకోకముందు వచ్చిన ఓడలో వచ్చింది. అక్కడి జెట్టీ దగ్గర ఏం జరిగిందో ఆవిణ్ణి తీసుకురావటానికి వెళ్ళిన కొడుకే చెప్పాడు. వంతెన మీద కాలు పెట్టేముందు ఆగి, కర్రతో కీలు మీద మూడుసార్లు కొట్టిందట. "ఎవులతికినారిది?" అని అడిగిందట. నేనే అమ్మా, అంటే, "అయితే ఇంకోసారి కొట్టి సూడనీ" అని ఇంకోసారి కొట్టి, అప్పుడు నడిచిందట. కొడుకు చేయి పట్టుకోబోతే విదిలించేసి తనే నడిచిందట.

కంటికి ఆపరేషనయి, కట్లు విప్పాక ఒక ఉదయం ఆవిడ మా యార్డు చూడటానికి వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని, పొట్టిగా, కర్రలా నిటారుగా ఉంది. అత్త కొట్లో నా ఎదురుగా కూర్చుంది. అద్దాలు పైకెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. అన్నాళ్ళు చూడలేనిదంతా ఇప్పుడు తీరిగ్గా చూసుకుంటోంది కాబోలు, నేను కాళ్ళు ముడుచుకున్నాను.

"నువ్వేనా దోసి సదివిన పిల్లవి?"

తల ఊపాను.

"నోరు లేదేటి?"

"నేనేనండీ" అన్నాను.

అత్త ఆవిడ పళ్ళెంలో మూల దోసె వేసింది. ఆవిడ దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని, గీతల మీద వేలు పెట్టి తడిమింది. "ఏదో ఉన్నాది. కనిపిస్తంది గాని నాకు సదువు రాదు. సదువు."

కొట్లో అందరూ వింటున్నారు. నేను పళ్ళెం నావైపు తిప్పుకుని, ఎడంచేత్తో చీర కొంగులా చున్నీ సర్దుకుని, క్లాసులో మీ హాజరు పిలిచేటప్పటికన్నా గట్టిగా చదివాను. డీ హెచ్ ముప్పై ఆరు. తర్వాత నెంబరు మొత్తం, ఒక్కొక్క అంకే.

"అంటే ఏటి?"

"మైనస్ ఇరవై డిగ్రీల చలిలో సమ్మెటతో కొట్టినా విరగదని. మీరు నడిచొచ్చిన వంతెన కీలుని పట్టుకున్నది ఈ ఉక్కే."

బయట వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకి ఎవరి మాటా వినపడటం లేదు. ఆవిడ పళ్ళెం నా దగ్గర్నుంచి లాక్కుని, నా చెవి దగ్గరికి వంగింది.

"సదవడం అయిపోనాదా? మరింక తినీమంటావా?"